ఆగితే ఎన్ని రోజులు? ఒడిశా సరిహద్దు నుంచి ఇంధన భద్రత లెక్క

విశాఖపట్నంలో కొండరాతిని తొలిచి, భూమి అడుగున వంటగ్యాసు నిల్వ చేసే గుహ ఒకటి కట్టారు. దాని సామర్థ్యం 60,000 టన్నులు. వినడానికి చాలా పెద్ద అంకె. దాని పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. 2024–25లో దేశం వాడిన వంటగ్యాసు సుమారు 3 కోట్ల 13 లక్షల టన్నులు, అంటే రోజుకు 85 వేల టన్నుల పైమాటే. ఆ గుహ నిండా గ్యాసున్నా దేశం మొత్తానికి పొద్దుట టిఫిన్‌కీ మధ్యాహ్నం భోజనానికీ వస్తుంది, రాత్రి వంటకు చాలదు. మంగళూరులో 80,000 టన్నుల గుహ 2025లో సిద్ధమైంది. రెండూ కలిపినా రెండు రోజులు నిండవు.

రిఫైనరీ ట్యాంకుల్లో, బాట్లింగ్ ప్లాంట్లలో, దారిలో ఉన్న లారీల్లో ఇంకొంత సరుకు ఉంటుంది కాబట్టి మూడో రోజే పొయ్యి ఆరిపోదు. కానీ మనం వాడే గ్యాసులో 60 శాతానికి పైగా బయటి నుంచి వస్తుంది. అందులో ఎక్కువ భాగం ఏళ్ల తరబడి గల్ఫ్ దేశాల నుంచే వస్తోంది, అదీ ఇరాన్‌కూ ఒమన్‌కూ మధ్య ఇరుకైన చోట 33 కిలోమీటర్ల వెడల్పు మాత్రమే ఉన్న హోర్ముజ్ జలసంధి దాటి. బరంపురంలోనో పర్లాకిమిడిలోనో సిలిండర్ బుక్ చేసేవాళ్లలో చాలామందికి ఆ జలసంధి పేరు కూడా తెలియదు. అక్కడ గొడవైతే మాత్రం ఇక్కడి పొయ్యికి సెగ తగులుతుంది.

ఇంధన భద్రత అనగానే టీవీ చర్చల్లో శాతాలు వినిపిస్తాయి. ముడిచమురు 85 శాతానికి మించి దిగుమతి, గ్యాసు సగం దిగుమతి, బొగ్గు మాత్రం మనదే అని. శాతం అబద్ధం చెప్పదు గానీ సగం కథే చెబుతుంది. ఏ ఇంధనం గురించైనా నేను ముందు అడిగేది, దాన్ని ఆపగలిగే మనిషి ఎవరు, ఆపితే మనం ఎన్ని రోజులు నెట్టుకు రాగలం అని. ఆ రోజుల్లోపు వేరే దారి దొరికితే అది మామూలు వ్యాపారం. దొరక్కపోతే మన జుట్టు ఎవరి చేతిలోనో ఉన్నట్టే.

1973లో అరబ్ దేశాలు చమురు ఆపి చూపించాయి. పీపా ధర కొద్ది నెలల్లో మూడు డాలర్ల నుంచి పన్నెండుకు చేరింది. మరుసటి ఏడాది పుట్టిన అంతర్జాతీయ ఇంధన సంస్థ తన సభ్యదేశాలకు ఒక నియమం పెట్టింది: 90 రోజుల నికర దిగుమతికి సరిపడా చమురు ఎప్పుడూ నిల్వ ఉండాలి. ఆ నియమం శాతాల్లో లేదు, రోజుల్లో ఉంది. మనం ఆ సంస్థలో పూర్తి సభ్యులం కాము, అనుబంధ సభ్యులం. మన వ్యూహాత్మక నిల్వలు విశాఖ, మంగళూరు, పాదూరుల్లో కలిపి 53.3 లక్షల టన్నులు. పూర్తిగా నింపితే దేశానికి తొమ్మిదిన్నర రోజులు. చమురు కంపెనీల సొంత ట్యాంకులు కూడా కలిపితే 74 రోజుల సామర్థ్యం అని ప్రభుత్వం చెబుతుంది. రెండో దశలో ఒడిశాలోని చండీఖోల్‌లో 40 లక్షల టన్నుల నిల్వకు 2021లో ఆమోదం దొరికింది. ఖాళీ గుహ కట్టడం ఒక ఖర్చు, దాన్ని నింపి కదపకుండా ఉంచడం ఇంకో ఖర్చు. రెండోదానికి రిబ్బను కట్ చేసే అవకాశం ఉండదు, అందుకే దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

రోజుల లెక్క తప్పితే ఏమవుతుందో మనకు 1990–91లో తెలిసింది. ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది, చమురు ధర ఎగిసింది, అక్కడ పనిచేసే లక్షా డెబ్బై వేల మందిని విమానాల్లో వెనక్కి తెచ్చుకున్నాం, వాళ్లు పంపే డబ్బూ ఆగింది. గంజాం, శ్రీకాకుళం జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు ఉన్న ఇళ్లలో ఇది పుస్తకాల్లో చదివిన విషయం కాదు. ఒకే ప్రాంతం నుంచి చమురూ, ఇంటి ఖర్చుకు డబ్బూ రావడం అంటే ఒకే గొడవలో రెండూ పోవడం. 1991లో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశాల్లో తాకట్టు పెట్టాల్సి వచ్చింది. శత్రువు ఒక్క తూటా కాల్చలేదు.

జర్మనీది ఇంకా విచిత్రమైన కథ. 2021 నాటికి దిగుమతి చేసుకునే గ్యాసులో సగానికి పైగా రష్యాది. అది చవక, దశాబ్దాలుగా ఆగింది లేదు. అంతవరకు అర్థం చేసుకోవచ్చు. కానీ దేశంలోనే అతిపెద్ద గ్యాసు నిల్వ కేంద్రం, రేడెన్ దగ్గర ఉన్నది, రష్యా కంపెనీ గాజ్‌ప్రోమ్ అనుబంధ సంస్థ చేతిలో ఉండేది. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు చలికాలంలో అది దాదాపు ఖాళీగా ఉంది. అమ్మేవాడి చేతికే గాదె తాళం ఇచ్చేశారు. గాదె ఎంత పెద్దదో అందరూ చెప్పారు, తాళం ఎవరి దగ్గరుందో ఎవరూ పట్టించుకోలేదు. 2022లో రష్యా సరఫరా అంచెలంచెలుగా తగ్గించాక జర్మనీ ద్రవీకృత గ్యాసు టెర్మినల్‌ను నెలల్లో కట్టుకుంది, డబ్బుంది కాబట్టి. అదే సమయంలో యూరప్ ఎక్కువ ధర పెట్టి ఓడలను తనవైపు లాక్కుంటే, ఆ ధర భరించలేని దక్షిణాసియా దేశాలు కరెంటు కోతలతో గడిపాయి.

మనం ఆ సందర్భాన్ని వేరేగా వాడుకున్నాం. 2022కు ముందు రెండు శాతం కూడా లేని రష్యా ముడిచమురు వాటా, రెండేళ్లలో మూడో వంతు దాటింది. గల్ఫ్ మీద భారం తగ్గింది, చవగ్గా దొరికింది. 2025 ఆగస్టులో బిల్లు వేరే దారిలో వచ్చింది: రష్యా చమురు కొంటున్నందుకని అమెరికా మన ఎగుమతుల మీద అదనంగా 25 శాతం సుంకం వేసింది. ఆ ఏడాది నవంబరులో మన ప్రభుత్వ చమురు సంస్థలు అమెరికా నుంచి 2026 సంవత్సరానికి 22 లక్షల టన్నుల వంటగ్యాసు కొనే ఒప్పందం చేసుకున్నాయి. మన వార్షిక దిగుమతిలో అది సుమారు పదో వంతు. గల్ఫ్ నుంచి ఓడ రోజుల్లో వస్తుంది, అమెరికా నుంచి వారాలు పడుతుంది. దూరం పెరిగింది, ఖర్చు పెరగొచ్చు, కానీ హోర్ముజ్ దాటనక్కర్లేని సరుకు కొంత చేతిలోకి వచ్చింది. దీన్ని లొంగుబాటు అనేవాళ్లూ ఉన్నారు, తెలివైన పని అనేవాళ్లూ ఉన్నారు. నాకు రెండూ కొంత నిజమే అనిపిస్తుంది.

ఆపడానికి ఓడలే ఆపక్కర్లేదు. 2025 జులైలో గుజరాత్ వాడినార్ రిఫైనరీ నడిపే నయారా కంపెనీ మీద యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టింది, అందులో రష్యా కంపెనీ రోస్‌నెఫ్ట్‌కు 49 శాతం వాటా ఉందని. వెంటనే మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీకి ఈమెయిల్ లాంటి సేవలు ఆపేసింది. నయారా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక అవి తిరిగి వచ్చాయి. రిఫైనరీ మన నేల మీదే ఉంది, చమురు ట్యాంకుల్లోనే ఉంది. ఆగింది సాఫ్ట్‌వేర్.

"అయితే సోలార్ పెట్టుకుంటే సరి, సూర్యుణ్ణి ఎవడాపుతాడు?" అనే మాట తరచూ వింటాం. దానికి ఎదురుమాట కూడా రెడీగా ఉంటుంది: ప్యానెళ్లు చైనావి, గల్ఫ్ పోయి చైనా వచ్చింది, తేడా ఏముంది? తేడా చాలా ఉంది. రోజూ పాలవాడి మీద ఆధారపడటం వేరు, పక్క ఊళ్లో ఆవును కొనుక్కోవడం వేరు. పాలవాడు అలిగితే మర్నాడు కాఫీ ఉండదు. ఆవును అమ్మినవాడు అలిగితే ఇంకో ఆవు దొరకదు, అంతే. ఇంట్లో ఉన్నది పాలిస్తూనే ఉంటుంది. చమురు ఆగితే రోజుల్లో బండి ఆగుతుంది. ప్యానెళ్ల దిగుమతి ఆగితే కొత్త ప్లాంటు ఆగుతుంది గానీ, బిగించినవి పాతికేళ్లు కరెంటిస్తాయి. ఆ పాతికేళ్లలో సొంతంగా తయారు చేసుకోవడం నేర్చుకోవచ్చు. ప్యానెళ్లు తయారుచేసే ఫ్యాక్టరీల సామర్థ్యం మనకు 2025లోనే 100 గిగావాట్లు దాటింది. వాటిలోపల ఉండే సెల్లూ, దాని అడుగున ఉండే సిలికాన్ పలకా విషయంలో ఇంకా చైనా వైపే చూస్తున్నాం.

ఈ పోలిక చెల్లనిది, ప్యానెల్ కరెంటును గ్రిడ్‌కు తగ్గట్టు మార్చే ఇన్వర్టర్ దగ్గర. అది ఇంటర్నెట్‌కు తగిలించిన యంత్రం, తయారీదారు దూరం నుంచి అప్‌డేట్ చేయగలడు, అనుకుంటే ఆపనూగలడు. లిథువేనియా లాంటి చిన్న దేశం తన సౌర, పవన కేంద్రాల్లోకి చైనా కంపెనీలు దూరం నుంచి ప్రవేశించకుండా చట్టమే చేసింది.

ఇక అయస్కాంతాల సంగతి. ఎలక్ట్రిక్ బండి మోటారుకూ, గాలిమరకూ, క్షిపణిని తిప్పే చిన్న మోటారుకూ నియోడిమియం లాంటి అరుదైన లోహాలతో చేసిన అయస్కాంతం కావాలి. ప్రపంచంలో తయారయ్యే వాటిలో దాదాపు 90 శాతం చైనాలోనే. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రకాల అరుదైన లోహాల మీద, వాటితో చేసిన అయస్కాంతాల మీద ఎగుమతి ఆంక్షలు పెడితే మన వాహన కంపెనీలకు వారాల్లోనే టెన్షన్ పట్టుకుంది. ఆ లోహాల్లో కొన్ని ఉన్న ఇసక బరంపురానికి పాతిక కిలోమీటర్ల దూరంలో, ఛత్రపురం సముద్రతీరాన ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ అక్కడ దశాబ్దాలుగా ఆ ఇసకను తవ్వుతోంది. అందులో దొరికే ఖనిజాలు ఇల్మనైట్, జిర్కాన్, రూటైల్, గార్నెట్, వాటితోపాటు అరుదైన లోహాలుండే మోనజైట్ కొద్దిగా.

ఈ మోనజైట్ గురించి మా వైపు టీకొట్ల దగ్గర కథలకు లోటు లేదు. "మాస్టారూ, మన ఇసక అమ్మితే దేశం అప్పంతా తీరిపోద్దంట గదా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. అందులో థోరియం ఉన్నమాట నిజం. కానీ థోరియం తిన్నగా రియాక్టర్లో వేస్తే మండే ఇంధనం కాదు. ముందు ఇంకో రియాక్టర్లో దాన్ని యురేనియం-233గా మార్చాలి. హోమీ భాభా రూపొందించిన మూడు దశల పథకంలో అది ఆఖరి దశ. కాబట్టి మన తరానికి ఆ ఇసకలో పనికొచ్చేది థోరియం కన్నా, దాని పక్కనే ఉన్న నియోడిమియం, ప్రసియోడిమియం.

ఇక్కడ నాకు కాస్త కోపం వచ్చే విషయం ఒకటుంది. ఛత్రపురంలో మోనజైట్ నుంచి అరుదైన లోహాల మిశ్రమ క్లోరైడ్ తీస్తారు. దాన్నుంచి ఒక్కో లోహం సమ్మేళనాన్ని విడదీసి శుద్ధి చేయడానికి కేరళలోని ఆలువాకు పంపుతారు. ఆ తర్వాత అయస్కాంతం చేసే పరిశ్రమ మనకు దాదాపు లేదు. 2010లో జపాన్‌తో వచ్చిన ఒక పడవ గొడవలో చైనా అరుదైన లోహాలు ఆపేస్తే జపాన్ వెంటనే మేలుకుంది. ఆస్ట్రేలియా గనుల్లో పెట్టుబడి పెట్టింది, నిల్వలు పెంచుకుంది, మన ఐఆర్ఈఎల్‌తో ఒప్పందం చేసుకుని విశాఖ దగ్గర శుద్ధి కర్మాగారం నడిపింది. అంటే ఛత్రపురం ఇసక చాలా ఏళ్లు జపాన్ ఇంధన భద్రతకు పనికొచ్చింది. 2025 జూన్‌లో ఆ ఎగుమతులు ఆపమని కేంద్రం ఐఆర్ఈఎల్‌కు చెప్పినట్టు వార్తలొచ్చాయి. మనం ఏం చేసుకున్నాం అంటే, విశాఖలో ఏడాదికి మూడు టన్నుల సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు చేసే చిన్న ప్లాంటు 2023లో పెట్టుకున్నాం. రక్షణ, అంతరిక్ష అవసరాలకు అది పనికొస్తుంది. వాహనాలకు కావలసింది వేల టన్నులు. 2025 నవంబరులో ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాలు చేసే సామర్థ్యం కోసం కేంద్రం 7,280 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. ఇంకో చిక్కు కూడా ఉంది: వేడికి అయస్కాంతం బలం తగ్గకుండా కలిపే డిస్ప్రోసియం, టెర్బియం లాంటి బరువు లోహాలు మన ఇసకలో నామమాత్రం. ఇసక మనదే అయినా రోజుల లెక్క ఇంకా మన చేతిలోకి రాలేదు.

బొగ్గు అలా కాదు, అది పూర్తిగా మనదే అంటారు. తాల్చేరు గనుల బొగ్గు బరంపురం, ఇచ్ఛాపురం, పలాస మీదుగా సింహాద్రి లాంటి ఆంధ్ర కేంద్రాలకు వెళ్తుంది. గేటు పడితే యాభై ఎనిమిది పెట్టెలు లెక్కపెడుతూ నిలబడాల్సిందే. అలాంటి ఒక రేక్‌లో సుమారు 4,000 టన్నులు పడుతుంది. 500 మెగావాట్ల యూనిట్ ఒక్కటి పూర్తిగా నడిస్తే రోజుకు ఏడెనిమిది వేల టన్నులు తింటుంది, అంటే రెండు రేకులు. దేశంలో బొగ్గు కొదవ లేని 2021 అక్టోబరులోనే విద్యుత్ కేంద్రాల దగ్గర సగటు నిల్వ నాలుగు రోజులకు పడిపోయింది. గనుల్లో వాన నీళ్లు, విదేశీ బొగ్గు ధర పెరిగి దాన్ని వాడే కేంద్రాలు మూతపడటం, ఒక్కసారిగా పెరిగిన వాడకం అన్నీ కలిశాయి. మరుసటి వేసవిలో బొగ్గు రైళ్లకు దారి ఇవ్వడానికి ప్యాసింజర్ రైళ్లను రద్దు చేశారు. ఉక్కుకు వాడే కోకింగ్ బొగ్గు సంగతి వేరే చెప్పక్కర్లేదు, అదంతా దాదాపుగా దిగుమతే.

ఇంధనం ఉన్నా తీగ తెగితే చేసేదేమీ లేదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటాక, బరంపురంలో రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్ ఉన్న కొట్టు ముందు ఫోన్లు వరసగా పెట్టి, ఒక్కోదానికి ఇంతని తీసుకుని చార్జింగ్ పెట్టేవారు. మోటారు ఆడక ట్యాంకుల్లో నీళ్లు అయిపోయాయి, జనరేటర్లలోకి డీజిల్ కోసం పరుగు. ఏడాది తర్వాత అదే తేదీన హుద్‌హుద్ విశాఖను కొట్టింది, 2018 అక్టోబరులో తిత్లీ మళ్లీ ఈ తీరాన్నే. తుపాను మన దగ్గర చేసిన పనిని ఉక్రెయిన్‌లో రష్యా 2022 అక్టోబరు నుంచి క్షిపణులతో చేసింది. పెద్ద కేంద్రాలూ, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లూ సులువుగా దొరికే లక్ష్యాలు. అక్కడ ఆసుపత్రులూ నీటి పంపులూ పైకప్పు సోలార్‌కు, చిన్న చిన్న జనరేటర్లకు మళ్లాయి. మన ఇళ్ల మీద సబ్సిడీతో వస్తున్న సోలార్‌లో ఎక్కువ భాగం గ్రిడ్ పోగానే తనూ ఆగిపోతుంది, లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా అలా తయారు చేస్తారు. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉంటేనే చీకట్లో పనికొస్తుంది. గోపాలపురం నుంచి ఇచ్ఛాపురం దాకా ప్రతి ఆసుపత్రికీ, నీటి పథకానికీ అది పెట్టడం తుపాను సన్నద్ధతే కాదు, రక్షణ ఖర్చు కింద కూడా రాయొచ్చని నా అభిప్రాయం.

గ్రిడ్ గురించే ఇంకో ముక్క. 2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు ఒకేసారి కూలాయి, 60 కోట్ల మందికి పైగా ఉండే ప్రాంతం చీకటైంది. దక్షిణ గ్రిడ్ నిలబడింది. అప్పటికి తూర్పు, దక్షిణ గ్రిడ్ల మధ్య ఉన్న లింకులు, జయపురం నుంచి గాజువాక వెళ్లేది సహా, డైరెక్ట్ కరెంట్ మీద నడిచేవి. అవి ఒకవైపు కుదుపును రెండోవైపు పాకనివ్వవు. 2013 చివర్లో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. దానివల్ల మిగులు కరెంటు అవసరమున్న చోటికి పోతుంది. ప్రమాదమూ అదే దారిన పోగలదు.

ఇంతవరకు బయటివాడు ఆపే సంగతి. ఈ సరిహద్దులో ఉన్నవాళ్లకు ఇంకో లెక్క తెలుసు, అది ఢిల్లీ చర్చల్లో అరుదుగా వస్తుంది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో 1955లో కరెంటు ఉత్పత్తి మొదలైంది, మద్రాసు, ఒడిశా రాష్ట్రాలు ఉమ్మడిగా తలపెట్టిన ప్రాజెక్టు అది. చుట్టుపక్కల కొండల్లో చాలా ఊళ్లకు ఆ కరెంటు చేరడానికి దశాబ్దాలు పట్టింది. ఆ తర్వాత సీలేరు మీద చిత్రకొండ దగ్గర బలిమెల ఆనకట్ట వచ్చింది, 1960, 70ల్లో, మళ్లీ రెండు రాష్ట్రాలూ కలిసి. నీళ్లలో సగం ఒడిశాకు, సగం ఆంధ్రకు. బలిమెల కేంద్రం 510 మెగావాట్లు, కిందన ఆంధ్ర వైపు దిగువ సీలేరు 460. విదేశీ మారకం అక్కర్లేని, పొగ లేని, ఎవరూ ఆపలేని కరెంటు. పుస్తకంలో చూస్తే ఇంతకంటే మంచి ఇంధన ఎంపిక ఉండదు.

ఆ జలాశయం నిండాక మల్కన్‌గిరి జిల్లాలో 151 గ్రామాలు మూడు వైపులా నీళ్లతో, నాలుగో వైపు ఆంధ్ర ఏజెన్సీ అడవితో మిగిలాయి. అధికారికంగానే వాటికి కట్‌ఆఫ్ ఏరియా అని పేరు. సంతకు పోవాలన్నా, పురిటి నొప్పులొచ్చినా పడవే. పడవ ఎప్పుడొస్తే అప్పుడు. ప్రభుత్వం చేరలేని ఆ చోటికి మావోయిస్టులు చేరారు, అక్కడే దాదాపు తమ రాజ్యంగా నడుపుకున్నారు. 2008 జూన్ 29న జలాశయంలో పడవ మీద వెళ్తున్న గ్రేహౌండ్స్ దళం మీద వాళ్లు చేసిన దాడిలో 38 మంది చనిపోయారు. ఆంధ్ర పోలీసు చరిత్రలో అంత పెద్ద దెబ్బ తక్కువ. 2011 ఫిబ్రవరిలో ఆ కట్‌ఆఫ్ ఏరియా పర్యటనకు వెళ్లిన కలెక్టర్ ఆర్. వినీల్ కృష్ణను ఎత్తుకుపోయి వారం పైనే ఉంచుకున్నారు. కరెంటు కోసం కట్టిన నీళ్లే దళాలకు కోటగోడ అయ్యాయి.

ఇదంతా ముందే తెలిసే అవకాశం లేదా అంటే, ఉంది. ఆ గ్రామాలను బయటి లోకంతో కలిపే గురుప్రియ వంతెనకు 1982లోనే శంకుస్థాపన చేశారు. 910 మీటర్ల వంతెన. కాంట్రాక్టర్లు వచ్చారు, పోయారు, బెదిరింపులకు పని ఆగింది, మళ్లీ టెండర్లు. 2018 జులైలో గానీ తెరవలేదు. ఆ వంతెన వచ్చాక రోడ్డు పోయింది, స్తంభాలు పోయాయి, సెల్ టవర్లు లేచాయి, ఆ ప్రాంతానికి స్వాభిమాన్ అంచల్ అని పేరు మార్చారు, మావోయిస్టుల పట్టు వేగంగా సడలింది. ముప్పై ఆరేళ్లలో గాలింపులకు, క్యాంపులకు, హెలికాప్టర్లకు అయిన ఖర్చు పక్కన పెడితే వంతెన ఖర్చు ఎంత చిన్నదో ఎవరైనా లెక్క కడితే బాగుండు. ఆనకట్ట అంచనాల్లో ఆ వంతెనను మొదటి రోజే కలిపి ఉంటే అది అసలు విడిగా కనిపించేది కూడా కాదు.

ఇప్పుడు అవే కొండల మీద మళ్లీ కన్ను పడింది. పగటి సోలార్ కరెంటుతో నీళ్లు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు వస్తున్నాయి. ఎగువ సీలేరులో ఆంధ్ర జెన్‌కో 1,350 మెగావాట్లది తలపెట్టింది. ఒడిశా హైడ్రో పవర్ కార్పొరేషన్ ఎగువ ఇంద్రావతి, ఎగువ కొలాబ్, బలిమెలల్లో తన వంతు ప్లాన్లు వేసుకుంది. వీటి అవసరం నాకు తెలుసు. సోలార్‌ను రాత్రికి దాచుకోవడానికి, చైనా బ్యాటరీల మీద భారం తగ్గించుకోవడానికి ఇంతకంటే మంచి సాధనం మన చేతిలో లేదు. అవి రావాలనే కోరుకుంటాను. అందుకే వీటి డీపీఆర్‌లలో, అంటే సవివర ప్రాజెక్టు నివేదికల్లో, ముందుగా వెతకాల్సింది మెగావాట్లు కాదనిపిస్తుంది. పై జలాశయం చుట్టూ ఏ ఊళ్లకు దారి మూసుకుపోతుంది, ఆ దారి ఖర్చు ఏ పద్దులో రాశారు, కరెంటు మొదటి ఏడాదే అక్కడి ఇళ్లకు వస్తుందా అన్న మూడు వరుసలు ఉన్నాయో లేదో చూడాలి. కోరాపుట్‌లోనూ మల్కన్‌గిరిలోనూ గ్రామసభలు పెట్టినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు కూడా అవే, ఒడియాలో అడిగినా తెలుగులో అడిగినా.